భూతద్దంలో కనిపించిన మేడ

దయ్యాల మాట ఎవరెత్తినా నవ్వేదాన్ని. ఎనిమిదేళ్లుగా కువైట్‌లో ఇళ్లలో పనిచేస్తున్నాను. ఎవరూ లేని పెద్ద పెద్ద ఇళ్లలో ఒంటరిగా ఉన్నాను. ఏనాడూ జంకలేదు. ఇప్పుడు కూడా దయ్యమని అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

అబూ హలీఫాలో నేను పనిచేసే ఇంటి మామాకు, అంటే యజమానురాలికి, పాత బొమ్మలంటే ఇష్టం. రెండు వందల ఏళ్లు దాటినవి, యూరప్‌లో అచ్చేసి చేత్తో రంగులద్దినవి. అన్నీ ఊళ్ల బొమ్మలే. గీసినవాళ్లు ఆ ఊళ్లు చూడనే లేదని, ఊహించి గీశారని ఆమే చెప్పింది. స్టాండుకు బిగించిన భూతద్దంలోంచి చూస్తే ఆ కాగితం లోతుగా తెరుచుకుని, మనం ఆ వీధిలో నిలబడినట్టే ఉంటుంది.

అప్పటికి మా చెల్లెలు రెడ్డెమ్మ నుంచి ఫోన్ వచ్చి నలభై రోజులు. ఫర్వానియాలో ఏదో ఇంట్లో పని. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ బయటికి పోనివ్వడం లేదని, ఫోన్ కూడా లాక్కుంటానంటున్నాడని చివరిసారి ఏడ్చింది. ఆ ఇల్లెక్కడో తనకే సరిగా తెలియదు. తనను పనికి పంపిన ఏజెంటు కాళ్లావేళ్లా పడ్డాను. చెప్పలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం దుమ్ము తుడుస్తూ భూతద్దంలోంచి ఒక ఊరి బొమ్మ చూశాను. రెండు వైపులా మేడలు. ఒక మేడ మూడో అంతస్తు వరండాలో ఆడమనిషి. ఎడమ మోచేతిని కుడిచేత్తో పట్టుకుని ఉంది. చిన్నప్పుడు ఆ చెయ్యి విరిగినప్పటి నుంచి రెడ్డెమ్మ నిలబడే తీరు అది. నన్నే చూస్తూ నోరు తెరిచింది. ఏమీ వినిపించలేదు. నేను కొయ్యబారిపోయాను. నోట మాట రాలేదు.

అద్దం పక్కకు జరిపితే వరండా ఖాళీ. మామాను పిలిచి అడిగాను. ఆ బొమ్మలో మనుషులే లేరంది.

మూడో రోజు ఆసుపత్రి నుంచి ఫోన్. శుక్రవారం మధ్యాహ్నం రెడ్డెమ్మ మూడో అంతస్తు నుంచి పడిందట. స్పృహ వచ్చాక నా నంబరు చెప్పిందట. మామా కారులో తీసుకెళ్లింది. నన్ను చూడగానే చెల్లెలు మొహం తిప్పుకుంది.

"కింద నిలబడి నన్నే చూస్తాంటివి గదక్కా. అంతసేపు పిలిస్తి, పలకలా. నువ్వుండావు గదా, పట్టుకుంటావులే అని దూకితి."

ఆ రోజు నేను ఇల్లు కదల్లేదని చెప్పాను. ఒట్టేశాను. నమ్మలేదు. మర్నాడు చనిపోయింది.

నేను అబూ హలీఫాలో ఉంటే ఆ వీధిలో నిలబడిందెవరు? ఎంతమందిని అడిగినా తెలియలేదు. ఆ క్షణాన నేను పలికి ఉంటే దానికి వినిపించేదా? అదీ తెలియదు.