వీరమ్మ చేతి ఇగురు

ఆదివారం ఉదయం గడ్డం గీసుకుంటూ ఉదయ్‌భాస్కర్ కూనిరాగం తీశాడంటే ఆ వేళ యానాం వెళ్తున్నాడని అర్థం. మిగతా రోజుల్లో ఆ గొంతులోంచి పాటన్నది వచ్చేది కాదు. వంటింట్లో ఉప్మా కలుపుతున్న ఫణిశ్రీ ఆ రాగం వినేది. వింటున్నకొద్దీ చేతిలో గరిటె గిన్నెకేసి గట్టిగా తగిలేది.

అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆమె సోషల్ టీచరు. ఆయన సహకార బ్యాంకులో గుమాస్తా. రాష్ట్రంలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో నలుగురు స్నేహితులతో కలిసి ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి ఏరు దాటి యానాం వెళ్లడం మొదలుపెట్టాడు. గోదావరికి ఆ పక్కన పుదుచ్చేరి పాలన కాబట్టి అక్కడ సీసాలకు అడ్డులేదు. తర్వాత ఇక్కడ నిషేధం ఎత్తేశారు గానీ ఆయన తన అలవాటు ఎత్తేయలేదు. అలాగని తాగుబోతు కాదు. సాయంత్రానికి తిన్నగా నడుచుకుంటూ ఇంటికొచ్చేవాడు. వచ్చి, చొక్కా విప్పి తగిలించి, అక్కడి కబుర్లు చెప్పేవాడు. ఫణిశ్రీకి ఒళ్లు మండేది ఆ కబుర్లకే.

రేవుకి కాస్త ఎగువన, బ్రాందీ షాపు వెనకాల వీరమ్మ అనే ఆవిడ పాక ఉందట. సీసా బయట కొనుక్కుని లోపలికెళ్తే ఆవిడ వండిపెడుతుందట. బాదం చెట్టు కింద పడక కుర్చీలు వేసి ఉంటాయట. తిన్నాక లెమ్మనేవాడు లేడు, ఇంకేం కావాలని నెత్తిన నించునేవాడు లేడు, గోదారి గాలికి కాళ్లు బారజాపుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చట. ఇక గోదారిలో చీరమేను చేపపిల్లలు దొరికే రోజులొస్తే ఆయన మాటలకు అడ్డూ ఆపూ ఉండేది కాదు.

"ఆ వీరమ్మ ఇగురులో పులుపుంది చూశావూ, ఆ పులుపే వేరు. తిన్నాక గంటసేపు నాలిక మీదే ఉంటుంది," అనేవాడు కళ్లు మూసుకుని.

పన్నెండేళ్ల కాపురంలో తన వంట గురించి ఆయన కళ్లు మూసుకుని ఒక్క మాట అన్న గుర్తు ఫణిశ్రీకి లేదు. ఆ వీరమ్మను ఊహించుకోవడం మొదలుపెట్టింది. ముప్పయ్యేళ్లుంటాయి. నవ్వితే సొట్టలు పడతాయి. జడలో కనకాంబరాలు. వడ్డించేటప్పుడు పక్కకు వంగి, ఇంకాస్త వేసుకోండి భాస్కరంగారూ అంటుంది. పిల్లలకు అశోకుడి శాసనాల గురించి చెబుతున్నప్పుడు కూడా ఆ కనకాంబరాలు కళ్ల ముందు ఆడేవి.

ఆ ఏడు కార్తీకం ముందు బజారులోకి చీరమేను రాగానే తనే వెళ్లి కొనుక్కొచ్చింది. దారం ముక్కల్లాంటి ఆ చేపపిల్లల్ని ఉప్పేసి, గుడ్డలో వడగట్టి, ఇసుక పోయేదాకా కడిగేసరికి నడుం పట్టేసింది. ఇన్నేళ్లూ తను వండింది వాళ్లమ్మ నేర్పిన పద్ధతిలో. పచ్చి చింతకాయలు ఉడికించి, ఆ రసం పోసి, చివర్లో కాస్త వాము నలిపి వేసేది వాళ్లమ్మ. ఆ పల్లెటూరి వంట వీరమ్మ ముందు ఏం నిలుస్తుందని దాన్ని పక్కన పెట్టేసింది. హోటలు రుచి రావాలని గసగసాలు, జీడిపప్పు, గరంమసాలా దండిగా నూరి వేసింది. ఉదయ్‌భాస్కర్ తిన్నాడు. బాగుందన్నాడు. పేపరు రెండో పేజీ తిప్పాడు. ఆ రాత్రి ఆమె గిన్నెలో మిగిలిన కూరంతా పెరట్లో పిల్లికి పెట్టేసింది.

ఆ వారంలోనే హిందీ టీచరు హరిచందన, కాకినాడలో చీరలు కొందాం రమ్మని పిలిచింది. వాళ్ల పిన్నిగారింట్లో పడుకుని మర్నాడు వచ్చేయొచ్చంది. ఫణిశ్రీ ఆలోచించకుండా ఒప్పుకుంది. పాపను చూసుకోవడానికి అత్తగారు మాణిక్యాంబ ఉన్నారు గానీ, ఈ ఆదివారం మీరే ఉండాలని మొగుడితో గట్టిగా చెప్పింది. ఆయన ముఖం చిన్నబోయింది. దానికి ఆమెకు లోపల్లోపల హాయిగానే అనిపించింది.

శనివారం సాయంత్రం చీరల బేరాలయ్యాక, ఎక్కడైనా నిదానంగా కూర్చుని తిందామంది ఫణిశ్రీ. కాకినాడంత ఊళ్లో అదెంత పని అనుకుంది. మెయిన్ రోడ్డు మీద హోటల్లో వీళ్లు దోసె సగం తినేసరికే కుర్చీల వెనక మనుషులు నించున్నారు. అక్కణ్ణించి లేచి ఇంకో హోటల్లో ఫ్యామిలీ రూమ్ అన్నదాంట్లో దూరారు. ఆకుపచ్చ తెర, తిరగని ఫ్యాను, మాటిమాటికీ తెర ఎత్తి బిల్లు తెమ్మంటారా అని అడిగే సర్వరు. ఆ ఉక్కలో కాఫీ కూడా పూర్తిగా తాగలేకపోయారు.

ఇంకాస్త ముందుకెళ్తే గేటుకి రంగు బల్బులు కట్టిన గార్డెన్ రెస్టారెంటు ఒకటి కనిపించింది. లోపల పచ్చిక మీద బల్లలు, చెట్ల కింద చల్లగా ఉంది. సగం బల్లలు ఖాళీ. గేటు దగ్గర మనిషి మర్యాదగానే ఆపాడు.

"ఫ్యామిలీస్‌కి మేడ మీద ఏసీ హాలండి. ఇక్కడ జెంట్స్ కూర్చుంటారండి."

ఖాళీగానే ఉంది కదా అని హరిచందన అడిగితే, మీకే ఇబ్బందండీ అన్నాడు. ఫణిశ్రీ గేటు ఊచలు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది. ఒకాయన చెప్పులు విడిచి, ఎదుటి కుర్చీ మీద కాళ్లు పెట్టుకుని, పల్లీలు నోట్లోకి ఎగరేసుకుంటున్నాడు. ఎవరి కోసం తొందరపడక్కర్లేని మనిషి ముఖం అది. వీరమ్మ మీద ఉన్న కుళ్లు ఒక ఎత్తయితే, ఆ కాళ్లు చూసి పుట్టినది ఇంకో ఎత్తు. చివరికి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొని నించునే తిన్నారు.

"రేపు యానాంలో దిగుదాం," అంది ఫణిశ్రీ. ఎందుకని హరిచందన అడగలేదు. వీరమ్మ పేరు స్టాఫ్ రూమ్‌లో ఆమె చాలాసార్లే విని ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి బస్సు దిగి, బ్రాందీ షాపు అడిగి, దాని పక్క సందులోంచి వెళ్లారు. పాక ఉంది. బాదం చెట్టూ, కుర్చీలూ ఉన్నాయి. కుర్చీల నిండా మగవాళ్లు. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. తలంతా నెరిసింది, ముందు పళ్లు రెండు లేవు, కొంగు నడుముకి బిగించి ఉంది.

వీరమ్మగారెవరండీ అని ఫణిశ్రీ అడిగింది. నేనేనండి అందావిడ. ఫణిశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ తన కళ్ల ముందు ఆడిన కనకాంబరాలు ఎవరివో.

వీరమ్మ ఏమీ ఆశ్చర్యపోకుండా చెట్టు కిందికి కేకేసింది. ఆడాళ్లొచ్చారు, కాస్త అటు జరగండయ్యా అంది. వాళ్లు గ్లాసులు పట్టుకుని జరిగారు. కుర్చీలు దులిపి వేసి, ఏం తాగుతారండీ అని మంచినీళ్లు అడిగినంత మామూలుగా అడిగింది. హరిచందన అటూ ఇటూ చూసి బీరు అంది. షాపులోంచి తెప్పించి స్టీలు గ్లాసుల్లో పోసిస్తే ఇద్దరూ చెరో గుక్క తాగి, వేపాకు కషాయమే నయమని తేల్చుకుని పక్కన పెట్టేశారు. ఫణిశ్రీ చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంది. గోదారి మీంచి వచ్చిన గాలి చీర కుచ్చిళ్లను ఊపుతుంటే సర్దుకోవాలని కూడా అనిపించలేదు.

అంతలో ఆకులో వేడన్నం, చీరమేను ఇగురు వచ్చాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. పచ్చి చింతకాయ. వెనకాలే వాము. ఆ వాము కాస్త మగ్గిందన్న మాటే గానీ, వాళ్లమ్మ చేతిదే.

ఈ వంట ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే వీరమ్మ పీట లాక్కుని కూర్చుంది.

"నాదేం ఉందండి. అమలాపురం నుంచి బ్యాంకు భాస్కరంగారని వస్తారు. పోయినేడు ఆయనే చెప్పారు. వాళ్లావిడ ఇలా వండుతారంట. మూడుసార్లు వండించి, మూడుసార్లూ ఆవిడ చేతిలా రాలేదన్నారండి. ఆయ్, ఎప్పుడొచ్చినా ఆవిడ కబుర్లే. ఆవిడ పాఠం చెప్తే గోడలు కూడా వింటాయంట. ఎవరో ఆ మహాతల్లి, వినీ వినీ నాకు ఒళ్లు మండిపోద్దండి."

హరిచందన నోరు తెరవబోతే ఫణిశ్రీ మోకాలు నొక్కి ఆపింది. అన్నం కలుపుతున్న చెయ్యి కలుపుతూనే ఉంది. కోపం పోవాల్సింది, సంతోషం రావాల్సింది. రాలేదు. ఈ చెట్టు కింద ఆయన రోజంతా పొగిడే ఆవిడెవరో గానీ ఎంత అదృష్టవంతురాలు అనిపించింది. ఆ ఇంట్లో ఉప్మా కలిపే ఫణిశ్రీకి ఆ మాటల్లో ఒక్కటీ చేరలేదు. ఉన్నట్టుండి తన మీద తనకే అసూయ కలిగింది.

నీడ అటు తిరిగేదాకా కదల్లేదు. లేచి చెయ్యి కడుక్కుంటూ అప్పుడు చెప్పింది, "వాము ముందే వేసేస్తున్నారు వీరమ్మగారూ. దింపేముందు నలిపి వేయాలి. మీరు చెప్పిన ఆవిడ నేనేనండి."

వీరమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఇంకొంచెం ఎత్తు ఉంటారనుకున్నానండి, అంది.

ఇంటికొచ్చాక ఏం తిన్నారని ఉదయ్‌భాస్కర్ అడిగాడు. యానాంలో వీరమ్మ దగ్గర ఇగురు తిన్నామని చెప్పింది. ఆయన ముఖంలో రంగు మారింది. అక్కడికెందుకెళ్లావన్నాడు. అది తన చోటన్నట్టు ఉంది ఆ అడగడం.

"నన్ను చూసొద్దామని వెళ్లాను," అంది ఫణిశ్రీ. "అక్కడ ఉన్నానట కదా."

ఆయన చేతిలో పేపరు మడిచి, మళ్లీ విప్పాడు. తర్వాత, ఎదురుగా అనాలంటే నాకు సిగ్గేస్తుంది శ్రీ, అన్నాడు. పన్నెండేళ్లు సిగ్గుపడితే చాలని, ఇక నుంచి తననీ తీసుకెళ్లమని చెప్పింది.

అలాగే తీసుకెళ్లాడు. స్నేహితులు రెండు వారాలు బిగుసుకుపోయి కూర్చుని, మూడో వారానికి మామూలయ్యారు. బిగుసుకుపోయింది ఉదయ్‌భాస్కరే. ఫణిశ్రీ చెట్టు కింద కూర్చున్నంతసేపూ ఆయన నోట పొగడ్త పెగల్లేదు. పైగా వీరమ్మ ఇప్పుడు ఆయన్ని పలకరించడం తగ్గించేసింది. ఫణిశ్రీ రాగానే పొయ్యి దగ్గరకు పిలుచుకుని, పీట వేసి, ఈ పులుసెలా ఉందో చూడండమ్మా అంటూ గరిటె అందించేది. ఇద్దరూ మాటల్లో పడితే వడ్డన మర్చిపోయేవారు. చెట్టు కింద నుంచి ఉదయ్‌భాస్కర్, ఏంటి అంత నవ్వుకుంటున్నారు అని అడిగేవాడు. ఇద్దరిలో ఎవరూ చెప్పేవారు కాదు. ఆయన గ్లాసు పట్టుకుని లేచి, పొయ్యి దాకా నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చునేవాడు.