నైరుతి కిటికీ

మా ఆవిడ మాఘమాసంలో పోయింది. పొద్దున్న కాఫీ తాగి, కాలేజీకి బయలుదేరబోతూ మంచం మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఆమె దగ్గర పాలిటెక్నిక్‌లో చదువుకున్న మీలో చాలామందికి ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. కొందరు ఫోన్ చేసి, మేడమ్ గురించి ఏదైనా రాయమన్నారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. రాయడం అలవాటు లేదు. తెలిసినంత రాస్తాను.

ఆమెకొక అలవాటుండేది. ఎక్కడికి వెళ్లినా మధ్యాహ్నం పూట పడమటి గోడకి అరచెయ్యి ఆనించి చూసేది. పెళ్లివారిల్లయినా అంతే. పద్మనాభంలో వాళ్ల పెద్దమ్మ ఒకసారి, "గోడకి జొరమేటే?" అని అడిగింది.

"జొరమే పెద్దమ్మా. రాత్రి దాకా దిగదు" అంది.

పెళ్లి మాటలు ఆపి అందరూ వెళ్లి ఆ గోడని తాకి చూశారు.

మేం చాలా ఏళ్లు గోపాలపట్నంలో హైవే పక్కన అద్దెకున్నాం. పెద్ద పెద్ద కిటికీలు. లారీల దుమ్ముకి ఒక్కటీ తెరిచేవాళ్లం కాదు. "ఈ ఇంటికి కిటికీలున్నాయంటే ప్లానులోనే ఉన్నాయండి" అనేది. భీమిలి వైపు చిన్న స్థలం కొన్నాక ఇంటి ప్లాను తనే గీసింది. అప్పుడే నాకు తోచిన సందేహం అడిగాను. ఇళ్లు ఇంత వేడిని ఆపాలి, ఇంత గాలి రావాలి అని ప్రభుత్వమే ఇంధన నియమావళి పెట్టింది కదా, మళ్లీ మనంతట మనం వెళ్లి పర్యావరణానికి మేలైన ఇల్లని గ్రీన్ సర్టిఫికెట్ అడగడం దేనికి?

"మీరు ఇంటరు ఎందులో పాసయ్యారు?"

"ఫస్ట్ క్లాసు."

"ముప్పై అయిదు చాలు కదా. అంత చదవడం దేనికి?"

ఆమె పాఠం ఇలాగే మొదలయ్యేదని మీకు తెలుసు. నియమావళి చూసేది గోడ, కప్పు, కిటికీ. అవి పాస్ మార్కులు తెచ్చుకోవాలి. సర్టిఫికెట్ ఆ తర్వాత వాననీరు ఎక్కడికి పోతోంది, ఇటుక ఎక్కడినించి వచ్చింది, స్నానాల నీళ్లు మొక్కలకి వెళ్తున్నాయా అని ఇంకా చాలా అడుగుతుంది. నాకు కుతూహలం పెరిగింది. మొక్కలు ఎక్కువ పెంచి కిటికీలు తగ్గించుకోవచ్చా అన్నాను.

"లెక్కల్లో తప్పి, డ్రాయింగులో మార్కులు కలపమంటే కలుపుతారేటి?"

ఇంకో సంగతి విని ఆశ్చర్యపోయాను. మా ఇల్లంత చిన్న ఇంటిని నియమావళి అసలు అడగదట. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లకే అది. కానీ సర్టిఫికెట్ కావాలంటే ఆ నియమాలు దాటడమే మొదటి షరతు. అంటే మన గుమ్మం దాకా రాని నియమాన్ని మనమే పిలిచి లోపల కూర్చోబెట్టుకుంటున్నామన్నమాట. అలా ముందు కొందరు కోరి కట్టి చూపిస్తే, కొన్నాళ్లకి అదే అందరికీ నియమం అవుతుందని ఆమె నమ్మకం.

"ఇన్ని అడుగుతారు గానండి, రోజూ కిటికీ తీసేవాళ్లు ఇంట్లో ఉన్నారా అని మాత్రం ఎవరూ అడగరు" అని నవ్వింది.

పడకగదికి నైరుతి మూలన ఒక కిటికీ పెట్టింది. వాస్తు ప్రకారం ఆ మూల మూసి ఉండాలి. వాళ్ల తమ్ముడు, మా బావమరిది, పునాదుల దగ్గరే పట్టుకున్నాడు.

"నైరుతిలో కిటికీ ఏటే అక్కా? ఇంటి పెద్దోలికి మంచిది కాదంతారు."

"పైరగాలి అటునించే వత్తాది రా. సుట్టూ తిరిగి ఈశాన్యం నించి రమ్మని సెప్పమంటావేటి?"

గృహప్రవేశం అయింది. తనిఖీకి వచ్చినవాళ్లు చూసి వెళ్లారు. సర్టిఫికెట్‌తో పాటు గోడకి బిగించే ఫలకం కూడా వచ్చింది. ఆమె దాన్ని కవరు తీయకుండా బీరువాలో పెట్టింది. ఒక వేసవి ఈ ఇంట్లో ఉండి చూశాక పెడదామంది. వేసవి చూడలేదు.

దినకర్మలకి వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరే ఆ గదిలోకి తొంగిచూసి వెళ్లేవారు. చివరికి బావమరిదే పైకి అన్నాడు.

"అక్కకి సెప్పాను బావ. ఇన్లేదు. ఇప్పుడు నువ్వొక్కడివే ఉన్నావు. ఆ కిటికీకి అడ్డంగా గోడ కట్టించీ. నీకేటైనా అయితే నాను తట్టుకోలేను."

వాడి కళ్లు చూసి కోప్పడలేకపోయాను. నేను వాస్తు నమ్మను. అయినా ఆ రోజుల్లో ఆ కిటికీ తీయలేదు, అటు చూడనూ లేదు.

"అది మూసేస్తే తెరుచుకునే కిటికీల లెక్క తగ్గుతుందిరా. మీ అక్క ఇల్లు ఫెయిలవుతుంది" అన్నాను.

"ఎవుడొచ్చి సూత్తాడు బావ?"

నిజమే, ఎవరూ చూడరు. సర్టిఫికెట్ వెనక్కి తీసుకోరు. నీ ఇష్టం అన్నాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఇటుకలు, సిమెంటు, మేస్త్రీతో ఆటోలో దిగాడు. ఇటుకలు కిటికీ కింద పేర్చారు. అంతలో కరెంటు పోయింది. మేస్త్రీ బయట సిమెంటు మాలు కలుపుతుంటే, కొలత చూడ్డానికి బావమరిది లోపలికి వచ్చి కిటికీ రెక్కలు బార్లా తీశాడు. నేను ఎదురుగా ఉన్న తలుపు తీశాను. ఆమె అలాగే తీసేది. కొలత చూసుకుని వాడు చెమట తుడుచుకుంటూ వాళ్లక్క మంచం మీద ఒక్క నిమిషమని నడుం వాల్చాడు. అప్పుడే గాలి తిరిగి కిటికీలోంచి లోపలికి కొట్టింది. వాడు గురక పెట్టాడు.

మేస్త్రీ కిటికీలోంచి తల పెట్టి, "బాబూ, మాలు గట్టిపడిపోతంది. కట్టీమంటారా?" అన్నాడు.

"ఆయన లేచాక అడుగు" అన్నాను.

నేను వెళ్లి పడమటి గోడకి లోపలినించి అరచెయ్యి ఆనించాను. బయట అంత ఎండలోనూ చల్లగానే ఉంది.

చాలాసేపటికి వాడు లేచాడు. మొహం మీద దిండు మడతలు పడ్డాయి.

"కరెంటెప్పుడొచ్చింది బావ?"

"రాలేదు."

వాడు తలెత్తి ఫ్యాను చూశాడు. రెక్కలు కదలడం లేదు. తర్వాత కిటికీ వైపు చూశాడు. లేచి బయటికి వెళ్లి మేస్త్రీతో, "ఆ మాలు పారబొయ్యకు. గుమ్మం మెట్టు అంచు ఇరిగింది, అది పూసీ" అన్నాడు. నన్ను టీ పెట్టమన్నాడు.

వేసవి ఇంకా అయిపోలేదు. ఫలకం బీరువాలోనే ఉంది. తొలి వానలు పడ్డాక పెడతాను. గాలి తిరిగే వేళకి కిటికీ తీయడం, మర్నాడు పొద్దెక్కాక మూయడం ఇప్పుడు నా పని. మొదట్లో మరిచిపోయేవాణ్ణి. మరిచిన రోజు గది ఉడికిపోయేది. ఆమె ఇల్లు గీసిందని తెలుసుగానీ, రోజూ దాన్ని నడిపిందని అప్పుడు తెలిసింది.

ఇటుకలు వాడు తీసుకెళ్లలేదు. ఇంకా ఆ కిటికీ కిందే ఉన్నాయి. పక్కవాళ్ల పిల్లి వాటి మీద పడుకుంటుంది. సాయంత్రం నేను రెక్క తీసిన చప్పుడుకి ఒకసారి తలెత్తి చూస్తుంది. వచ్చింది నేనని చూసి, మళ్లీ తల వాలుస్తుంది.