ఆళ్లగడ్డ కట్టె, నంద్యాల పైపు

ఆళ్లగడ్డకు నేను కొట్లాటకే పోయినాను. ఊరు చూసేదానికి కాదు, చుట్టాల కోసమూ కాదు. నా కుడిచెయ్యి పాడుచేసిన ఈ కర్రసాము ఎవరిదో ఆ మనిషిని మొఖాన్నే అడిగి రావాలని, రెండో శనివారం సెలవు చూసుకుని బయల్దేరినాను.

నంద్యాలలో నేను ఎలిమెంటరీ స్కూలు టీచరును. నలభై ఆరేళ్లు. షుగరు అంచులో ఉంది, ఒళ్లు వంచమ్మా అన్నాడు డాక్టరు. వాకింగంటే నాకు విసుగు. మా వీధి చివర ఫిట్‌నెస్ సెంటర్లో 'సంప్రదాయ కర్రసాముతో ఆరోగ్యం' అని బోర్డు పెట్టినారు. మా నాయన వయసులో ఉన్నప్పుడు కర్ర తిప్పేవాడు. ఆ ఆశతో చేరినాను. లోపల చూస్తే ఏసీ హాలు, చెవులు పగిలే పాటలు, ముప్పైమంది ఆడోళ్లకు రంగు టేపు చుట్టిన ముప్పై ప్లాస్టిక్ పైపులు. మొదటి రోజే తల మీద గిరగిరా తిప్పమన్నాడు కోచ్. వీడియోలో బాగా పడుతుందంట! గోడ మీద ఎత్తులో తెల్లమీసాల పెద్దాయన ఫొటో ఒకటి. కింద 'మా గురువు పీరయ్య గారు, ఆళ్లగడ్డ' అని రాసి ఉంది. కోచ్‌ను కాదు, ఆ మీసాలను నమ్మినాను నేను.

రెండో నెలలో భుజం పట్టేసింది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేయదు. క్లాసులో బోర్డు కింద సగంలోనే రాస్తాండా. వెనక వరస పిల్లలు లేచి నిలబడి చదువుకుంటారు. "టీచర్, పైన రాయండి, కనపడల్యా" అని ఒక పాప అంటే నాకు ఏడుపొచ్చింది. ఏడుపు అయినాక కోపమొచ్చింది. కోచ్‌ను అడిగితే "మీ బాడీలో ఫ్లెక్సిబిలిటీ లేదు మేడమ్" అన్నాడు. వాని నోట్లో మన్నుపడ!

ఆ శనివారం పొద్దున ఆరున్నరకు నంద్యాల బస్టాండు చేరినాను. బయట బండి మీద ఉగ్గాని, బజ్జీ నలభై రూపాయలు. ఉగ్గాని వేడిగా ఉంది, బజ్జీలు నిన్నటివి. అడిగితే "ఇప్పుడే తీసినాం అక్కా" అన్నాడు. ఆ పొద్దు నా చుట్టూ నిజం చెప్పేవాళ్లే లేరు. ఏడూ పదికి ఆళ్లగడ్డ పల్లెవెలుగు. ఆధార్ చూపిస్తే ఆడోళ్లకు సున్నా టికెట్టు. పొద్దున పోయేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎడమవైపంతా ఎండ కొడుతుంది. నేను ఎడమవైపు కూర్చుని శిరివెళ్ల దాకా మాడినాను.

పక్కన ఒకామె ఒళ్లో మిరపనారు మూట పెట్టుకుని ఉంది. ఆళ్లగడ్డలో బస్సు మారి దొర్నిపాడు పోతుందంట.

"యాడికి మ్మే, అంత మొఖం మాడ్చుకుని పోతాండావ్?"

చెప్పినాను. ఆమె నా భుజం, నా చీర, నా చేతిసంచీ అన్నీ ఒకసారి చూసింది.

"దుడ్లిచ్చి చెయ్యి ఇరగ్గొట్టుకున్నావా? మా చేనుకు రా, కలుపు తీస్తువు. నేనే దుడ్లిస్తా."

ముందు సీటోళ్లు కూడా నవ్వినారు. నేను కిటికీ వైపు తిరిగినాను.

ఎనిమిదీ ముప్పైఐదుకు దిగినాను. "కట్టెసాము పీరయ్య" అంటే ఆటో ఆయన ఇంకేమీ అడగకుండా ముప్పై రూపాయలకు తీసుకుపోయినాడు. విగ్రహాలు చెక్కే షెడ్ల వెనక, చుట్టూ ఉలుల మోత, రాతిపొడి. నడుమ కంచె వేసిన ఎర్రనేల. ఆ నేల మీద ఒక పెద్దాయన బకెట్టుతో నీళ్లు చల్లుతున్నాడు. డెబ్భై దాటిన మనిషి, ఆరడుగుల పైమాటే. నా తల ఆయన రొమ్ము కాడికి వస్తుంది. ఫొటోలో మీసాలే.

నేను నమస్కారం కూడా పెట్టలేదు. మొదలుపెట్టినాను. పైపులు, పాటలు, భుజం, బోర్డు, వెనక వరస పిల్లలు, ఏదీ విడిచిపెట్టలేదు. ఆయన నీళ్లు చల్లుతూనే ఉన్నాడు.

"అయిపోయిందా అమ్మా?"

"కాలే!"

"సరే, చెప్పు."

చెప్పినాను. మళ్లీ మొదటినుంచి చెప్పినాను. గొంతు ఎండిపోయింది. అప్పుడు బకెట్టు నా ముందర పెట్టినాడు.

"ఈడ కోపంతో వచ్చినోళ్లు మొదలు నేల తడపాల. నేనైనా అంతే. కోపంతో కట్టె పడితే మన మోకాలికే తగుల్తాది."

ఏం మనిషిరా దేవుడా అనుకున్నాను. అయినా ఎడమచేత్తో రెండు బకెట్లు పోసినాను. చీర తడిసింది. కోపం అట్లనే ఉంది. ఆ మాటే చెప్పినాను.

"ఇంగో బకెట్టు పొయ్యి."

మూడోది పోసినాక ఫోన్‌లో ఆ గోడ ఫొటో చూపించినాను. ఆయన చేతులు పంచెకు తుడుచుకుని ఫోన్ దూరంగా పట్టుకున్నాడు.

"బాగొచ్చిందే!" అని పక్కనే ఉన్న ఇంట్లోకి కేకేసినాడు. "బేగా ఇట్ల రా! చూడు!"

ఆయన భార్య వచ్చి చూసింది. "ఆ పొద్దు మీసం నేనే కత్తిరిస్తి" అంది, మురిసిపోతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ పేరు చెప్పి వాడు దుకాణం నడుపుతాంటే నీకు రోషం లేదా పెద్దాయనా? మూడు నెలలన్నా నేర్పకుండా ఎట్ల పంపించినావు వాన్ని?"

"మూడు నెలలా? మూడు దినాలుండె మీ కోచ్. నలభై దినాలు కట్టె ముట్టేది లేదు, ఉత్త కాళ్లే నేర్చుకోవాల అంటి. తల మీద తిప్పేది ఆఖర్న అంటి. నాలుగో దినం రాలే." ఫోన్ నా చేతికిస్తూ అన్నాడు: "పోయే ముందర నా కట్టెకు టేపు పెట్టి కొలుచుకున్నాడు. ఎందుకప్పా అంటే గుర్తుకు అన్యాడు."

మూలనున్న ఆయన కట్టె తెచ్చి నా పక్కన నిలబెట్టినాడు. నా తల దాటి జానెడు పైకుంది. సెంటర్లో నా పైపు కూడా సరిగ్గా అంతే! ముప్పైమందికీ అంతే. ఆరడుగుల మనిషి కట్టె కొలిచి, ఐదడుగులు కూడా లేని మాకందరికీ అదే కొలతన పైపులు కోసినాడు. అంత పొడుగుది తల మీద తిప్పాలని చెయ్యి సాగదీసి సాగదీసి చంపుకున్నాను.

పెద్దాయన నవ్వలేదు. బకెట్టు తీసుకుని నాలుగోది తనే పోసినాడు.

"కట్టె యెవురి కనుబొమ్మ కాడికి వాళ్లదమ్మా. ఇది చెప్పకముందే పాయ" అన్నాడు మెల్లగా.

తర్వాత నన్ను ఇంటి గోడకాడ నిలబెట్టి చెయ్యెత్తమన్నాడు. అందినంత ఎత్తినాను. నా సంచీలో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది. అది తీసుకుని నా వేళ్లు ఆగిన చోట గీత గీసినాడు. గీత నా భుజం కాడే ఉంది.

"దినామూ గోడకు వేళ్లు పాకించు. డాక్టరు చెప్పేదీ ఇను. యేడాది పడ్తాది. మొత్తం వస్తాదని చెప్పను. అబద్ధం చెప్పి పంపీను."

ఆ మాటకు నాకు కళ్లనీళ్లు తిరిగినాయి. ఓదార్చలేదు ఆయన. ఒక వెదురు తెచ్చి నా కనుబొమ్మ కాడ గురుతు పెట్టి కోసి, నూనె రాసి చేతికిచ్చినాడు. ఎంతియ్యాల అంటే చెయ్యి అడ్డంగా ఊపినాడు.

"దుడ్లొద్దు. ఆ ఫొటో తెచ్చియ్యి. మా ఇంట్లో నాదొక్కటీ ల్యా."

ఆయన భార్య సంగటి, చెనిక్కాయ పచ్చడి పెట్టింది. పోయేవాళ్లకు నా మాట, హోటలు జోలికి పోకుండా ఆ తల్లి పెట్టింది తినండి. పన్నెండూ ఇరవైకి నంద్యాల బస్సు. "మీ ఆధార్ సరే, కట్టెకుందా అక్కా?" అన్నాడు కండక్టరు. ఆ దినం మొదటిసారి నవ్వినాను. ఆళ్లగడ్డ గురించి అడిగితే నేను చెప్పేదొకటే: తిట్టను పోతే ఆ ముసలాయన నాతో మూడు బకెట్లు నీళ్లు పోయించినాడు, తిట్టాల్సినోని తప్పు కొలత మాత్రం చేతికిచ్చి పంపించినాడు.

సాయంత్రం ఐదు గంటలకు సెంటర్లో పాట మొదలైంది. చెప్పులు విడిచి నేరుగా ఫొటో కాడికి పోయినాను. దించాలని కుడిచెయ్యి ఎత్తినాను. అందలేదు. ముప్పైమంది పైపులు ఆపి చూస్తాండారు. ఎడమచేత్తో కట్టె ఎత్తి, ఫొటో తాడును దాని కొనకు తగిలించుకుని మేకు నుంచి దించినాను.

"మేడమ్, అది మాది! ఏం చేస్తాండారు?" కోచ్ ఉరికొచ్చినాడు.

"మీది కాదు, ఆయనది. ఆయనింటికి పోతాంది."

"గోడ ఖాళీ అవుతుంది మేడమ్..."

సంచీలోంచి సుద్దముక్క తీసినాను. గోడకు ఆనుకుని కుడిచెయ్యి అందినంత ఎత్తి, అక్కడ అడ్డంగా గీత గీసినాను. మేకుకు చాలా కింద, నా భుజం ఎత్తులో.

"ఇదో, నువ్వు నేర్పింది ఇదీ" అన్నాను. "దీనికి పటం కట్టించి పెట్టుకో."