పదకొండో రోజు నీళ్ళు

ఉగాది పచ్చడి మా వీధిలో ఎవరింట్లో వాళ్ళే చేసుకుంటారు. శ్రీరామనవమి పానకం మాత్రం వీధి మొత్తానికి ఒకటే. రాజోలులో మా వీధి ఇరవై ఆరు గడపలు. కొబ్బరాకు పందిరి మగవాళ్ళు వేస్తారు, వడపప్పు నాలుగిళ్ళ ఆడవాళ్ళు నానబెడతారు, పానకం నేను కలుపుతాను. వరసగా పందొమ్మిదేళ్ళు కలిపాను. ఇరవయ్యో ఏడు, అంటే పోయినేడు, కలపలేదు. ఆ సంగతే రాస్తున్నాను.

పోయినేడు మాఘమాసంలో ఎదురింటి ముందువాటాలోకి ఒకావిడ అద్దెకు వచ్చింది. కొత్తపేట ఆవిడ. ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైంది. అరవై ఒక్కేళ్ళు. నాకప్పటికి డెబ్బై నాలుగు నిండాయి. మనిషి కాస్త భారీ, నవ్వితే నాలుగిళ్ళ అవతలకి వినిపిస్తుంది. వచ్చిన మూడో రోజుకల్లా వీధంతా ఆవిణ్ణి పిన్నిగారూ అనడం మొదలుపెట్టింది. నన్ను మామ్మగారూ అనడానికి ఇదే వీధికి నాలుగేళ్ళు పట్టింది.

కాలువలకు నీళ్ళు ఆపి ఏ రోజు కట్టేశారో, కొబ్బరి దింపు ఏ రోజు తీశారో, వేపచెట్టు మొదటి పూత ఎప్పుడు రాల్చిందో క్యాలెండరు గళ్ళలో రాసుకోవడం నాకు అలవాటు. ఆ ఫాల్గుణంలో ఆ గళ్ళలో ఇంకొకటి కూడా రాయడం మొదలుపెట్టాను. సాయంత్రం నాలుగున్నరకి మా అరుగు మీదికి మల్లెమొగ్గలు కట్టుకోవడానికో, చింతపండు గింజలు తీసుకోవడానికో ఆడవాళ్ళు చేరేవారు. మాఘంలో ఏడుగురు. హోలీ పున్నమికి నలుగురు. ఉగాది ముందు వారానికి ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకావిడకి చెవుడు, నవ్వు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆవిడకి తెలియక ఇక్కడే ఉండిపోయింది.

మిగిలిన ఐదుగురూ ఎదురరుగు మీద కనిపించేవారు. నేను లెక్కపెట్టడం కోసం చూసేదాన్ని కాదు. ఎదురుగా ఉంటే కనిపిస్తారు కదా.

పూలమ్మి కూడా ముందు అక్కడే బుట్ట దించేది. ఒకరోజు అడిగాను.

"ఏమే, మా ఇల్లు ముందొస్తుంది కదా. దాటేసి వెళ్తున్నావేం?"

"అదేం లేదండి మామ్మగారూ. మీరు మూర కొలిచి చూస్తారండి. పిన్నిగారు కొలవరండి. ముందక్కడ బోణీ చేసుకుని వస్తే ఎంత కొలిచినా బాధుండదండి."

ఆ మాట అని అది నవ్వింది. నేను ఆ రోజు కూడా మూర కొలిచాను. బెత్తెడు తక్కువుంది. చెప్పాను. కట్టి ఇచ్చింది.

ఉగాది వెళ్ళిన మూడో రోజు సాయంత్రం నవమి గురించి మాట్లాడుకోవడానికి పందిరి వేసే చోట కుర్చీలు వేశారు. పదకొండు మంది వచ్చారు. మా వీధి పెద్దాయన ఒకరున్నారు, బస్సు కండక్టరుగా చేసి మానేశారు. ఎవరి మీదైనా ఒక జోకు వేయకుండా మాట మొదలుపెట్టరు. ఆయనే అన్నారు.

"మామ్మగారూ, మీకేం తక్కువ చెయ్యట్లేదండి. డెబ్బై నాలుగొచ్చేయి. ఆరు బిందెలు కలపడమంటే మాటలా. ఈసారి మీరు కుర్చీలో కూర్చుని అజమాయిషీ చెయ్యండి. పిన్నిగారు కలుపుతారు. హాస్టల్లో మూడొందల మందికి వండించిన చెయ్యండి ఆవిడది."

"నాకు చేతనైనంత నేను చేస్తానండి. కొలతలు అక్కగారు చెబితే," అంది ఆవిడ.

అందరూ నా వైపు చూశారు. "ఆయ్, అలాగే కానివ్వండి," అన్నాను. ఇంకేమంటాను.

కొలతలు కాగితం మీద రాసిచ్చాను. బిందెకు పదిహేను లీటర్ల నీళ్ళు. దానికి రెండున్నర కిలోల బెల్లం, యాభై గ్రాముల మిరియాలు, పాతిక గ్రాముల ఏలకులు, ముప్పై గ్రాముల శొంఠి, పచ్చకర్పూరం చిటికెడు. అందులో ఒక్క గ్రాము కూడా తప్పు రాయలేదు. కాగితంలో లేనిది ఒకటే. నీళ్ళు ఎక్కడివో రాయలేదు.

మా పెరట్లో నుయ్యి ఉంది. ఆ నీళ్ళు ఎండాకాలంలోనూ తియ్యగా ఉంటాయి. వీధి చివర బోరుంది. కాలువలో నీళ్ళు పారినన్నాళ్ళూ ఆ బోరు నీళ్ళూ మంచివే. కాలువ కట్టేశాక మాత్రం సముద్రం వైపు నుంచి ఉప్పు ఎక్కుతుంది. పదోరోజు దాకా తెలియదు. పదకొండో రోజు నుంచి నాలుక్కి తెలుస్తుంది. ఇది నేను ఒక ఏడాదిలో తెలుసుకున్నది కాదు. వీధిలో మిగతావాళ్ళు తాగడానికి డబ్బా నీళ్ళే కొనుక్కుంటారు, బోరు రుచి వాళ్ళకి పట్టదు. పైగా దేవుడి పానకానికి ప్లాంటు నుంచి వచ్చే డబ్బా నీళ్ళు వాడకూడదు, వీధి నీళ్ళే వాడాలి అని ఎప్పుడో నేనే పట్టుబట్టి నియమం పెట్టించాను. అందరూ నా చేతిలో ఏదో ఉందనుకునేవారు. నేనూ కాదనలేదు. నవమి కాలువ కట్టకముందు వచ్చిన ఏళ్ళలో కూడా నేను నూతి నీళ్ళే వాడేదాన్ని.

పోయినేడు కాలువ నవమికి ముందే కట్టేశారు. రేవు మెట్ల దగ్గర బురద బయటపడింది, పిల్లలు గావంచాలతో చేపలు పట్టారు. నవమి నాటికి సరిగ్గా పదకొండో రోజు.

నవమి ముందురోజు సాయంత్రం ఆవిడ రెండు ఇత్తడి బిందెలు తోమి, పసుపు రాసి, మా పెరటి గుమ్మంలోకి వచ్చింది. నూతి గట్టు పక్కన సన్నజాజి పందిరి విరబూసి ఉంది.

"అక్కగారూ, మీ ఇంట్లో తాగిన కాఫీ రుచి ఇంకెక్కడా రావట్లేదండి. నీళ్ళే అనుకుంటున్నాను. రేపు పొద్దున్న పానకానికి మీ నూతిలో ఆరు బిందెలు తోడుకోనాండి?"

వచ్చి రెండు నెలలు. నేను పందొమ్మిదేళ్ళు దాచుకున్నది రెండు కాఫీలతో కనిపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఇస్తే రేపటి నుంచి పానకం కూడా ఆవిడదే. అరుగు ఆవిడది, పూలమ్మి ఆవిడది, పిలుపు ఆవిడది. మిగిలిందొకటే, అది కూడా నేనే చేద వేసి తోడి ఇవ్వాలి.

"నిన్ననే బ్లీచింగ్ వేయించానమ్మా. నాలుగు రోజులు పనికిరావు," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నూతి వైపు చూసింది.

"పోనీలెండి. బోరు నీళ్ళున్నాయి కదా. మొన్న తాగేను, బాగానే ఉన్నాయండి."

మొన్నంటే ఎనిమిదో రోజు. బాగానే ఉంటాయి. వాళ్ళ కొత్తపేట వైపు గోదావరి ఒడ్డున ఎన్నాళ్ళైనా బాగానే ఉంటాయి. ఖాళీ బిందెలు చంకనెట్టుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. నైవేద్యం కాకముందు పానకం రుచి చూడకూడదు. పందిట్లో కల్యాణం అయి, హారతి ఇచ్చి, నైవేద్యం పెట్టేదాకా ఒక్క చుక్క ఎవరి నాలుక మీదా పడదు. అంటే తప్పు జరిగిందని తెలిసేసరికి వీధంతా గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంటుంది. నేను ఇవన్నీ ఆ రాత్రి కూర్చుని ఆలోచించలేదు. ఆ అబద్ధం ఆడేటప్పుడే, ఆ ఒక్క మాట నోట్లోంచి వచ్చేలోపే, అన్నీ నాకు తెలుసు.

నవమినాడు పందిట్లో విసనకర్రలు పంచారు. తలంబ్రాలు అయ్యాయి. పన్నెండూ నలభైకి పానకం పంచడం మొదలైంది. బెల్లం, మిరియం, ఏలకులు అన్నీ కొలతకే ఉన్నాయి. కింద ఉప్పన. గొంతు దిగాక పైకి వస్తుంది.

మా వైపు మనుషులు మొహం మీద అనరు. "ఆయ్, బాగుందండి," అంటూనే మల్లెపాదుల్లోకి, పందిరి రాట మొదట్లోకి వంచేశారు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కండక్టరుగారే ఉండలేకపోయారు.

"పిన్నిగారూ, ఇది పానకమాండి, మజ్జిగాండి? ఉప్పు సరిపోయింది, కాస్త కరివేపాకు తగ్గింది."

నలుగురు నవ్వారు. ఆవిడ గ్లాసులో పోసుకుని తాగి చూసింది. మొహం ఎర్రబడింది. అప్పుడు ఆవిడ నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"తప్పు నాదేనండి. నీళ్ళు చూసుకోలేదు," అంది. అంతే అంది.

"ఎంతైనా మామ్మగారి చెయ్యి మామ్మగారిదేనండి," అన్నారు ఎవరో వెనక నుంచి.

రెండు నెలలుగా ఆ మాట కోసమే కూర్చున్నాను. వినగానే బాగుంది. బాగాలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. చాలా బాగుంది. నా గ్లాసు నేను పూర్తిగా తాగాను. ఆ పందిట్లో ఆ పానకం అడుగు దాకా తాగింది మేమిద్దరమే, ఆవిడా నేనూ.

దశమి నాడు మళ్ళీ మా అరుగు మీదికి ముగ్గురు వచ్చారు. ఏకాదశికి ఐదుగురు. పానకం ఊసు ఎత్తి ఆవిణ్ణి తలో మాటా అన్నారు. ఆవిడ హాస్టల్ పిల్లల కర్మ ఎలా కాలిందో పాపం అన్నారు. నేను చింతపండు తీస్తూ విన్నాను. వారం తిరిగేసరికి మళ్ళీ అందరూ ఎదురరుగు మీదే ఉన్నారు. ఉప్పు పానకం తాగించినా మనుషులు ఆవిడ దగ్గరికే వెళ్ళారు. దానికేం చెయ్యాలో నాకు తెలియలేదు.

వైశాఖంలో ఆవకాయకి కాయలు తరిగే రోజున ఆవిడ కత్తిపీట అడగడానికి వచ్చింది. పెరట్లో మేమిద్దరమే ఉన్నాం. నేనే ఆగలేకపోయాను.

"ఆ బోరు నీళ్ళు ఉప్పెక్కుతాయని నీకెవరూ చెప్పలేదా?" అన్నాను.

"చెప్పలేదండి," అంది. కత్తిపీట చేతిలోకి తీసుకుని, నూతి వైపు తల తిప్పి, నెమ్మదిగా అంది. "హాస్టల్లో ముప్పై ఏళ్ళు నూతికి నేనే దగ్గరుండి బ్లీచింగ్ వేయించేనక్కగారూ. ఆ వాసన మూడ్రోజుల దాకా పోదండి. ఆవేళ మీ పెరట్లో జాజుల వాసన తప్ప ఇంకేం లేదు."

చేతిలోని మామిడికాయ బుట్టలో పెట్టాను.

"మరి పందిట్లో అనలేదేం?"

"అని ఏం చేస్తానండి. మీకివ్వాలని లేదు. ఇవ్వాలని లేని నీళ్ళు పదిమందిలో అడిగి తీసుకుంటే అవి తియ్యగా ఉంటాయాండి?"

కోపంగా అనలేదు. కాయలు తరిగి కత్తిపీట కడిగి సాయంత్రానికి తిరిగి ఇచ్చేసింది.

ఆ రోజు నుంచి పది నెలలు ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. అది సిగ్గు అని ఎవరైనా అనుకుంటారు. సిగ్గు ఉంది. కానీ దానికంటే పెద్దది ఇంకోటి ఉంది. ఆవిడ ఊరుకుంది. నేనైతే ఊరుకునేదాన్ని కాదు. ఆ పూటే పందిట్లో, అందరూ వింటుండగా, ఏ రోజు ఎన్ని గంటలకు ఎవరు ఎవరితో ఏమన్నారో చెప్పేదాన్ని. ఎదురింటి అరుగు మీద కూర్చున్న మనిషి నాకు లేనిదేదో దగ్గర పెట్టుకుని హాయిగా మల్లెలు కట్టుకుంటోంది. పూలమ్మి వెళ్ళిపోయినా సహించాను గానీ ఇది సహించలేకపోయాను.

ఈ ఏడాది ఉగాది వెళ్ళాక మళ్ళీ కుర్చీలు వేశారు. కండక్టరుగారు నా వైపు చెయ్యి చూపించారు.

"ఈసారి ప్రయోగాలు వద్దండి. మామ్మగారికే ఇచ్చేద్దాం."

ఆవిడ కూడా తలూపింది. నేను లేచి నిలబడ్డాను.

"పోయినేడు ఆవిడ మా నూతి నీళ్ళు అడిగింది. నేను బ్లీచింగ్ వేయించానని అబద్ధం చెప్పాను. బోరు పదకొండో రోజుకి ఉప్పెక్కుతుందని తెలిసి చెప్పలేదు. ఆవిడకి కూడా అబద్ధమని తెలుసు. తెలిసి తప్పు తన మీద వేసుకుంది."

వేపపూత కుర్చీల మీద రాలుతోంది. ఆవిడ మొహంలో మొదటిసారి కోపం చూశాను.

"ఇది చెప్పక్కర్లేదండి అక్కగారూ," అంది.

"తెలుసు," అన్నాను.

కండక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "అయితే ఆ ఉప్పు మీదాండి మామ్మగారూ. అనవసరంగా పిన్నిగారి ఖాతాలో రాసేం."

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. వడపప్పు నానబెట్టే ఇంటావిడ ఒకరు నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు. చివరికి తేల్చింది ఏమిటంటే, మూడు బిందెలు ఆవిడ, మూడు బిందెలు నేను, నీళ్ళన్నీ మా నూతివే.

నవమి పొద్దున్న ఐదున్నరకి ఆవిడ వచ్చింది. పద్ధెనిమిది చేదలు ఆవిడ తోడింది, నా వల్ల ఆరయ్యాయి. ఒకే బెల్లం ఒకేచోట దంచుకున్నాం. అదే కాగితం, అవే గ్రాములు. పందిట్లో బిందెలు రెండు బల్లల మీద పెట్టారు, ఒకదాని వెనక నేను, ఒకదాని వెనక ఆవిడ. అందులో ఇందులో తేడా ఎవరూ చెప్పలేరు, నేనే చెప్పలేను.

ఆవిడ మూడు బిందెలూ ఒంటిగంటా పదికి ఖాళీ అయ్యాయి. నావి ఒంటిగంటా ఇరవై ఐదుకి. ఆఖరి పావుగంటా ఆవిడ మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, వచ్చేవాళ్ళని ఇటు పిలిచింది.