కొంగు చూసి కొన్న నేల

నేల పరీక్షను సగం ధరకు చేయించిన మొనగాడు మా మూడు జిల్లాల్లో నేనొక్కణ్ణే. వనపర్తిలో మాది గద్వాల చీరల దుకాణం. కొంగు చూసి చీర మొత్తానికి ధర కట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి.

మా అక్క అమ్రాబాద్ వైపు గుట్ట వాలులో ఇల్లు కట్టాలనుకుంది. అంతకుముందు వచ్చిన భూకంపానికి వాళ్ల అద్దె ఇంట్లో గిన్నెలన్నీ దొర్లిపడ్డాయి. పిల్లలు పడుకునే గది గట్టి నేల మీద ఉండాలని ఆమె పట్టు. అందుకే కట్టేముందు ఆ నేలను కొలిపించమని నాకు చెప్పింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ చిన్న చిన్న యంత్రాలను నేలలో వరుసగా గుచ్చి, ఇనుప పలక మీద సమ్మెటతో కొట్టించింది. ఆ అదురు వేగంగా పాకితే నేల గట్టిదట. మెల్లగా పాకితే వదులుదట, భూకంపానికి ఎక్కువ ఊగుతుందట. ఇల్లు వచ్చే చోట ముందువైపు ఒక వరుస, వెనకవైపు ఒక వరుస కొలవాలంది.

"ఒకటే జాగ గదమ్మా, రెండెందుకు? వెనక కంప కొట్టనీకె కూలోళ్లను పెట్టాలె. ముందలది చూసి రాసియ్యి."

"గట్ల కాదన్నా, వెనక మట్టి వేరే ఉండొచ్చు."

"జర సూడమ్మా. మా చుట్టాలందరికీ నీ పేరే చెప్త."

నవ్వి ఒప్పుకుంది. ముందు వరుస బండ మీద పడింది. జాగా మొత్తం గట్టిదని కాగితం వచ్చింది.

ఇల్లు కట్టాక మళ్లీ భూమి కదిలింది. ముందు గదికి గీత కూడా పడలేదు. వెనక గది గోడ మూల నుంచి మూలకు చీలి, పడుకున్న పిల్లల మీద పెచ్చులు రాలాయి. దెబ్బలు తగల్లేదు. ఇంజనీరమ్మ మళ్లీ వచ్చి వెనక కొలిస్తే, అది వాలును చదును చేయడానికి పోసిన వదులు మట్టి అని తేలింది.

నాకు ఒళ్లు మండింది. "నేనడిగితే రాసిస్తవా? రక్తపరీక్షకు బేరమాడితే దవాఖానోళ్లు సగం మనిషికే చేస్తరా?"

"నువ్వు ఇడువకపోతివి గదన్నా!"

"బేరం చేసుడు నా పని. కాదనుడు నీ పని!"

ఇప్పటికీ అదే అంటాను. చూడని నేలకు సంతకం పెట్టినందుకు ఆమెను నేను తప్ప ఎవరూ అడగలేదు, మట్టి పోసిన మాట దాచి ప్లాటు అమ్మినవాణ్ణి అసలే అడగలేదు. అక్క మాత్రం నన్నడిగింది. "వాళ్ల సంగతి తర్వాత. నా పిల్లల గదికి బేరమాడిందెవరు తమ్మీ?"

లెక్క చెప్తాను. మిగిలినవి: ఒక వరుస కొలత ఖర్చు, కంప కొట్టే కూలి. పోయినవి: రెండోసారి కొలత, వెనక గది కూల్చివేత, బండ తగిలేదాకా తవ్విన కొత్త పునాది, కొత్త గోడలు. అవన్నీ నేనే కట్టాను. కూల్చిన ఆ గదిని మొదట కట్టడానికి అక్క కుదువపెట్టిన బంగారు గాజులు మాత్రం ఇంకా విడిపించలేదు.