కాంటా మీద కొమురయ్య

నిన్న వరంగల్ ధాన్యం మార్కెట్‌లో తుప్పు పట్టిన పాత కాంటా కనబడింది. డెబ్బైల్లో మన బడి కుస్తీ పిల్లల్ని అలాంటి దాని మీదే తూచేవారు, గుర్తుందా?

కుస్తీకి దిగేది రాజలింగం. కొమురయ్య అదే బరువులో ఎక్స్‌ట్రా. రాజలింగం ఆ బరువు మించితేనే అతనికి అవకాశం. అందుకని ప్రతి పోటీకీ ఇద్దరూ పస్తుండేవారు.

పదో తరగతిలో ఒకసారి రాజలింగం అరకిలో ఎక్కువ తూగాడు. కొమురయ్య కాంటా ఎక్కడానికి సంబరంగా అంగీ విప్పాడు.

"ఆగు బిడ్డా, ఇంకా టైముంది," అన్నాడు డ్రిల్లు సారు. "జర వీనితోని కుస్తీ పట్టి చెమట తియ్యి. నువ్వు గూడ టీమే గదా!"

కొమురయ్య ఖాళీ కడుపుతో పట్టాడు. రాజలింగం బరువు దిగాడు. అరటిపండ్లు తిని తొక్కలు కొమురయ్య చేతిలో పెట్టాడు. గెలిచాడు.

"నీ వల్లనే గెలిచినం రా. వచ్చేసారి నీదే," అన్నాడు సారు.

పదో తరగతి వాళ్లకు ఇంకో పోటీ లేదని సారుకు తెలుసు. కొమురయ్యకూ తెలుసు.

"సరే సార్," అన్నాడు.