స్పే నీళ్ళలో చెయ్యి

స్కాట్లండ్‌లో స్పే నది ఒడ్డున బస్సు కోసం ఎదురుచూస్తుంటే కనిపించిందా పెద్దావిడ. మే నెల. నీళ్ళలో చెయ్యి పెట్టి ఒకటీ రెండూ అని లెక్కపెడుతోంది.

"చిన్నప్పుడు పది లెక్కపెట్టేలోపే చెయ్యి తీసేసేవాళ్ళం. కొండమీది మంచు కరిగి వచ్చే నీళ్ళు మరి. ఇప్పుడు మంచే సరిగ్గా పడట్లేదు, ముప్పై దాకా ఉంచగలుగుతున్నాను. నువ్వూ పెట్టి చూడు."

పెట్టాను. ఐదుకే జివ్వుమంది. "అమ్మో!" అని లాగేసుకున్నాను.

"అయితే మంచు ఇంకా ఉందన్నమాట!" అని చిన్నపిల్లలా నవ్వింది.

అనంతపురం నుంచి వచ్చి ఏడాదే అయిందనీ, మాంచెస్టర్ ఫ్లాట్‌లో కుళాయి నీళ్ళకే వణుకుతాననీ ఆ నవ్వు చూశాక చెప్పలేకపోయాను.

ఆరేళ్ళ తర్వాత, మొన్న మేలో, అక్కడే మళ్ళీ చెయ్యి పెట్టాను. నలభై దాటింది. నా చెయ్యి ఇక్కడి చలికి అలవాటు పడిందనే అనుకుంటున్నాను.